పత్తి చేలో రెండు ఖండాలు

ఆదిలాబాద్‌లో అయినా గుంటూరులో అయినా ఇవాళ నల్లరేగడి చేలల్లో కనిపించే పత్తి మొక్క కణాల్లో 52 క్రోమోజోమ్‌లు ఉంటాయి. పొందూరు ఖాదీకి పేరు తెచ్చిన దేశీ పత్తిలో మాత్రం 26 ఉంటాయి. రెండూ పత్తే. ఆకు, పువ్వు, కాయ, గింజను అంటిపెట్టుకున్న దూది, అన్నింటిలోనూ దగ్గర చుట్టాల పోలికలే. అయినా ఒకదాని పుప్పొడి మరొకదాని మీద రాల్చితే కాపు నిలవదు. అరుదుగా ఒక మొక్క పుట్టినా అది గొడ్డుదవుతుంది. మరి ఈ 52 ఎక్కడి నుంచి వచ్చింది? సరిగ్గా రెట్టింపు ఎందుకయింది? ఇరవయ్యో శతాబ్దంలో చాలా భాగం వృక్షశాస్త్రజ్ఞులు ఈ ప్రశ్న మీద తర్జనభర్జన పడ్డారు. చివరికి తీర్పు చెప్పింది ఆకులోని డీఎన్ఏ. అయితే ఆ తీర్పు ఒక్కరోజులో రాలేదు. అదే డీఎన్ఏ మధ్యలో కొన్నిచోట్ల పక్కదారి కూడా పట్టించబోయింది. ఒక ప్రజాతి చరిత్రను ఒక్క జన్యువును నమ్మి రాయకూడదని శాస్త్రానికి నేర్పిన మొక్కల్లో పత్తిది ముందు వరస. ఈ అధ్యాయంలో పత్తిని ఎంచుకోవడానికి కారణం అదే.

ఎవరు ఎవరికి చుట్టం

పత్తి ప్రజాతి పేరు గాసిపియమ్. 1753లో లిన్నేయస్ ఖాయం చేసిన పేరిది. బెండ, గోంగూర, మందార ఉన్న మాల్వేసీ కుటుంబమే దీనిదీ. బెండపువ్వునూ పత్తిపువ్వునూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లకు ఈ బంధుత్వం గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఇంకా దగ్గరి బంధువు మన ఊళ్లలో నీడ కోసం పెంచే గంగరావి చెట్టు. పూసినప్పుడు లేత పసుపు, వాడేటప్పుడు ఎరుపు, ఈ రంగు మార్పు పత్తిలోనూ గంగరావిలోనూ ఉంది.

ప్రజాతిలో సుమారు 50 జాతులున్నాయి. వాటిలో ఎక్కువ భాగం వడకడానికి పనికొచ్చే దూది లేని అడవి పొదలు. ఆఫ్రికా, అరేబియా, ఆస్ట్రేలియా, మెక్సికో, పెరూ ఎండు నేలల్లో పెరుగుతాయి. మనిషి సాగులోకి తెచ్చుకున్నవి నాలుగే. ఆర్బోరియం, హెర్బేషియం పాత ప్రపంచానివి (అంటే ఆసియా, ఆఫ్రికాలవి), 26 క్రోమోజోమ్‌లవి. మనం దేశీ పత్తి అనేది వీటినే. బలూచిస్తాన్‌లోని మెహర్‌గఢ్‌లో ఒక సమాధిలో దొరికిన రాగి పూసలో చిక్కుకుని మిగిలిన నూలు పోగులు క్రీ.పూ. 6వ సహస్రాబ్ది నాటివి. అంటే ఈ ఉపఖండానికి పత్తితో పరిచయం అంత పాతది. మెక్సికో నుంచి వచ్చిన హిర్సుటమ్, దక్షిణ అమెరికా పసిఫిక్ తీరం నుంచి వచ్చిన బార్బడెన్స్ 52 క్రోమోజోమ్‌లవి. ప్రపంచంలో పండే పత్తిలో 90 శాతానికి పైగా ఒక్క హిర్సుటమే.

క్రోమోజోమ్‌ల పరిమాణాన్నీ, సంకరం చేసినప్పుడు అవి జతకట్టే తీరునూ బట్టి శాస్త్రజ్ఞులు ఈ జాతుల్ని సమూహాలుగా విడగొట్టి ఎ నుంచి జి వరకు, ఆపైన కె అనే అక్షరాలు ఇచ్చారు. మన దేశీ పత్తులు రెండూ ఎ-సమూహం. వాటి క్రోమోజోమ్‌లు పెద్దవి. మెక్సికో, పెరూ అడవి పత్తులు డి-సమూహం. వాటివి చిన్నవి. 1934లో స్కోవ్‌స్టెడ్ అనే శాస్త్రజ్ఞుడు 52 క్రోమోజోమ్‌ల అమెరికా పత్తిని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, అందులోని 26 జతల్లో 13 పెద్దవి, 13 చిన్నవి అని గుర్తించాడు. ఒక ఎ, ఒక డి కలిసి ఈ మొక్క పుట్టి ఉండాలన్నది ఆయన ఊహ. 1940లో బీస్లీ దాన్ని ప్రయోగంతో బలపరిచాడు. ఆసియా ఆర్బోరియాన్నీ అమెరికా అడవి పత్తి థుర్బెరినీ సంకరం చేశాడు. పుట్టిన మొక్క గొడ్డుది. కాల్చిసిన్ మందుతో దాని క్రోమోజోమ్‌లను రెట్టింపు చేస్తే అది కాపు పట్టింది, హిర్సుటమ్‌తో కలిసింది కూడా. హార్లాండ్ కూడా అదే ఏడు ఇలాంటి ఫలితాన్నే చూపించాడు.

తల్లిదండ్రుల సమూహాలు తేలాయి. అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఎ-సమూహం ఉన్నది ఆసియా, ఆఫ్రికాల్లో. డి-సమూహం ఉన్నది అమెరికాలో. మధ్యలో మహాసముద్రం. 52 క్రోమోజోమ్‌ల పత్తులు సహజంగా ఉన్నది అమెరికాలోనూ పసిఫిక్, కరీబియన్ దీవుల్లోనూ మాత్రమే. ఈ రెండూ ఎక్కడ, ఎప్పుడు కలిశాయి? ఖండాలు విడిపోకముందే కలిశాయన్నారు కొందరు, అంటే సుమారు పది కోట్ల ఏళ్ల కిందటి మాట. 1930ల్లో ఇండోర్‌లో పత్తి మీద పనిచేసిన జోసెఫ్ హచిన్సన్, తన సహచరులు సైలో, స్టీఫెన్స్‌లతో కలిసి 1947లో ప్రచురించిన పుస్తకంలో దానికి పూర్తిగా ఎదురు వాదన పెట్టాడు. సాగులోకి వచ్చిన ఆసియా పత్తి గింజలను మనుషులే పసిఫిక్ దాటించారని, అక్కడి అడవి పత్తితో అది కలిసిందని, ఇదంతా కొన్ని వేల ఏళ్ల లోపలి సంగతి అని. ఒక వాదం పది కోట్ల ఏళ్లంటుంది, ఇంకోటి పది వేలకు లోపలంటుంది. ఆకు ఆకారం, పువ్వు రంగు, పింజ పొడవు కొలిచి ఈ తగాదా తీర్చడం ఎవరి వల్లా కాలేదు.

ఆకు నుంచి అక్షరాల దాకా

డీఎన్ఏ అంటే నాలుగు రసాయన అక్షరాల వరస: ఎ, సి, జి, టి. (ఇక్కడి ఎ వేరు, ఎ-సమూహంలోని ఎ వేరు.) కణం చీలిన ప్రతిసారీ ఈ వరసకు నకలు తయారవుతుంది. అరుదుగా ఒక అక్షరం మారుతుంది. మారిన అక్షరం గింజలోకి చేరితే ఆ మొక్క సంతానమంతటికీ సంక్రమిస్తుంది. మనకు కావలసిన సాక్ష్యం ఆ మార్పే.

దాన్ని చదవాలంటే ముందు ఆకులోంచి డీఎన్ఏను బయటికి తీయాలి. పత్తి ఆకు ఈ విషయంలో మొండిది. లేత ఆకును ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి, కల్వంలో మెత్తటి పొడిగా నూరి, సీటాబ్ అనే డిటర్జెంటు కలిపిన ద్రావణంలో 65 డిగ్రీల వేడి మీద ఉంచుతారు. కణాల గోడలు, పొరలు విడిపోయి డీఎన్ఏ ద్రావణంలోకి వస్తుంది. వరి ఆకుతో అయితే చివర్లో ఆల్కహాల్ పోయగానే తెల్లటి పోగులు తేలతాయి. పత్తి ఆకులో పాలీఫినాల్ పదార్థాలు విపరీతం. కణం పగలగానే అవి గాలి తగిలి గోధుమరంగుకు మారి డీఎన్ఏకు అంటుకుంటాయి. పోగులు మురికి రంగులో, జిగటగా వస్తాయి, తర్వాతి చర్యలేవీ వాటి మీద జరగవు. అందుకే మెర్కాప్టోఇథనాల్ లాంటి ఘాటైన రసాయనాన్ని ముందే కలిపి ఆ రంగు మార్పును ఆపుతారు. పురుగుల నుంచి మొక్కను కాపాడే పదార్థాలే ప్రయోగశాలలో మనిషికి అడ్డం పడతాయి.

శుభ్రమైన డీఎన్ఏ చేతికొచ్చాక మనకు కావలసిన జన్యువును పీసీఆర్ పద్ధతిలో రెట్టింపు చేస్తూ పోతారు. 30 సార్లు రెట్టింపైతే ఒక్క ప్రతి వంద కోట్లు దాటుతుంది. అప్పుడు యంత్రం అక్షరాలు చదువుతుంది. ఒక్కో జాతి నుంచి వచ్చిన వరసలను ఒకదాని కింద ఒకటి పేర్చి, ఏ అక్షరం కింద ఏ అక్షరం రావాలో సరిచూస్తారు. పద్ధతి తెలియడానికి పది అక్షరాల ముక్కను ఊహించుకుందాం. మొదటి వరస గాసిపియాయిడెస్ కిర్కీది. ఇది పత్తి కాదు, పత్తికి అతి దగ్గరి పొరుగు ప్రజాతికి చెందిన తూర్పు ఆఫ్రికా మొక్క. రెండో వరస డి-సమూహంలోని పెరూ అడవి పత్తి రైమొండిది.

కిర్కీ: సి టి ఎ జి జి టి సి ఎ టి జి
రైమొండి: సి టి ఎ జి జి టి సి జి టి జి
హెర్బేషియం: సి టి ఎ టి జి టి సి ఎ సి జి
ఆర్బోరియం: సి టి ఎ టి జి టి సి ఎ సి ఎ

ఎనిమిదో చోట రైమొండి ఒక్కటే మారింది, పదో చోట ఆర్బోరియం ఒక్కటే. ఇవి వాటి సొంత మార్పులు, బంధుత్వం గురించి ఏమీ చెప్పవు. నాలుగో చోటు, తొమ్మిదో చోటు చూడండి. హెర్బేషియం, ఆర్బోరియం రెండింటిలోనూ ఒకే మార్పు. కిర్కీలో, రైమొండిలో పాత అక్షరమే ఉంది. ఒకే చోట ఒకే మార్పు రెండు మొక్కల్లో విడివిడిగా జరిగి ఉండొచ్చు గానీ, రెండు చోట్ల అలా జరగడం కష్టం. వాటి ఉమ్మడి పూర్వీకుడిలో ఒక్కసారి జరిగి ఇద్దరికీ సంక్రమించిందనుకోవడమే సబబు. ఏది పాత అక్షరమో, ఏది కొత్తదో చెప్పడానికే బయటి మొక్క కావాలి. కిర్కీని తీసేస్తే ఈ పట్టిక దిక్కు తోచని పట్టికైపోతుంది.

వేమన పద్యాలను 1829లో అచ్చువేయించిన సి.పి. బ్రౌన్ కింద పనిచేసిన పండితులకు ఈ తర్కం కొత్త కాదు. రెండు తాళపత్ర ప్రతుల్లో ఒకే చోట ఒకే రాతతప్పు ఉంటే, ఆ రెండూ అదే తప్పున్న ఒక పాత ప్రతి నుంచి వచ్చాయని పరిష్కర్త అనుమానిస్తాడు. ఒప్పులు పంచుకోవడం ఏ బంధుత్వాన్నీ రుజువు చేయదు. తప్పులు పంచుకోవడమే చేస్తుంది.

నాలుగు వరసలైతే కంటితో తేల్చవచ్చు. పది జాతులుంటే వాటిని వేరు గుర్తించకుండా కొమ్మలుగా అమర్చే పద్ధతులే 20,27,025 ఉన్నాయి. 20 జాతులకు ఆ సంఖ్య 21 అంకెల దాకా పోతుంది. కంప్యూటరు కూడా అన్నింటినీ తడిమి చూడలేదు. అక్షరాలు ఏ రేటున మారతాయో ఒక గణిత నమూనా వేసుకుని, మన కళ్ల ముందున్న వరసలు రావడానికి ఎక్కువ అవకాశమున్న చెట్టు కోసం తెలివిగా వెదుకుతుంది. ఆ తర్వాత పట్టికలోని నిలువు వరసలను యాదృచ్ఛికంగా మళ్లీ మళ్లీ ఎత్తుకుని కొత్త పట్టికలు చేసి, ప్రతి దాని నుంచి చెట్టు గీస్తారు. ఏదైనా ఒక కొమ్మ వందలో 95 సార్లు అలాగే వస్తే దాన్ని నమ్ముతారు. 40 సార్లే వస్తే నమ్మకూడదు. ప్రచురితమైన వంశవృక్షం ఎదురైనప్పుడు మీరు ముందు చూడవలసింది కొమ్మల మీద ఉన్న ఈ అంకెలనే.

తల్లి ఎవరు

మొక్క కణంలో డీఎన్ఏ కేంద్రకంలోనే కాదు, ఆకుకు పచ్చదనాన్నిచ్చే క్లోరోప్లాస్టులోనూ ఉంటుంది. పత్తిలో క్లోరోప్లాస్టు తల్లి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. పుప్పొడి ద్వారా రాదు. కాబట్టి క్లోరోప్లాస్టు డీఎన్ఏ చూస్తే ఎ, డిలలో తల్లి ఎవరో తేలిపోవాలి.

1989లో అమెరికాలోని అయోవా స్టేట్ యూనివర్సిటీకి చెందిన జొనాథన్ వెండెల్ ఈ పని చేశాడు. అప్పటికి అక్షరాలను నేరుగా చదవడం ఖరీదైన పని. అందుకని డీఎన్ఏను నిర్దిష్టమైన చోట్ల మాత్రమే కత్తిరించే ఎంజైములతో ముక్కలు చేసి, ముక్కల పొడవులను పోల్చాడు. 52 క్రోమోజోమ్‌ల పత్తులన్నింటిలోనూ ఉన్నది పాత ప్రపంచపు ఎ-సమూహం క్లోరోప్లాస్టే. తల్లి పాత ప్రపంచానిది, తండ్రి అమెరికాది. ఇంకో సంగతి కూడా తేలింది. ఆ క్లోరోప్లాస్టులకూ మన దేశీ పత్తుల క్లోరోప్లాస్టులకూ తేడాలు చాలా తక్కువ. ఖండాలు విడిపోయిన నాటి కలయికే అయితే తేడాలు దండిగా పేరుకుని ఉండాలి.

తర్వాతి ఏళ్లలో కేంద్రకంలోని జన్యువులను చదివాక బొమ్మ ఇంకా స్పష్టమైంది. హిర్సుటమ్‌లో దాదాపు ప్రతి జన్యువుకూ రెండు రూపాలు దొరుకుతాయి. చెట్టు గీస్తే ఒక రూపం ఆర్బోరియం, హెర్బేషియంల పక్కన కూర్చుంటుంది. రెండోది పెరూలో మాత్రమే పెరిగే రైమొండి పక్కన కూర్చుంటుంది. ఒకే మొక్క ఒకే చెట్టులో రెండు దూరపు కొమ్మల మీద కనిపిస్తుందన్నమాట. 1934లో లెక్కపెట్టిన 13 పెద్ద, 13 చిన్న క్రోమోజోమ్‌లకు ఇంతకంటే సూటి నిరూపణ ఉండదు.

ఇక కాలం. అక్షరాల మార్పు సుమారుగా స్థిరమైన రేటున జరుగుతుందనుకుంటే, తేడాలను లెక్కపెట్టి విడిపోయిన కాలాన్ని అంచనా వేయవచ్చు. ఎ, డి సమూహాలు విడిపోయింది 50 లక్షల నుంచి కోటి ఏళ్ల కిందట. అవి అమెరికాలో తిరిగి కలిసింది 10 నుంచి 20 లక్షల ఏళ్ల కిందట. ఖండాల వాదమూ వీగిపోయింది, మనిషి గింజలు మోసుకెళ్లాడన్న వాదమూ వీగిపోయింది. అప్పటికి ఆధునిక మానవుడే పుట్టలేదు. ఆ గింజను సముద్రమే దాటించింది. హచిన్సన్ పుస్తకంలో సహరచయితగా ఉన్న స్టీఫెన్సే తర్వాత పత్తి గింజలను ఉప్పునీటిలో నానబెట్టి, అవి చాలాకాలం మొలకెత్తే శక్తిని నిలుపుకుంటాయని చూపించాడు. తాము రాసినదానికి ఎదురుపోయే సాక్ష్యాన్ని స్వయంగా వెదికి పెట్టిన ఆ నిజాయితీకి చేతులెత్తి మొక్కాలి.

పత్తి సముద్రం దాటడం అదొక్కసారే కాదు. కిర్కీకి అతి దగ్గరి బంధువైన కోకియా ప్రజాతి ఉన్నది తూర్పు ఆఫ్రికాలో కాదు, హవాయి దీవుల్లో. 52 క్రోమోజోమ్‌ల టొమెంటోజమ్ కూడా హవాయిదే, కానీ అది అమెరికా వైపు నుంచి వచ్చింది. పసిఫిక్ నడిమధ్యలోని వేక్ దీవిలో పెరిగే పత్తిని ఎన్నో ఏళ్లపాటు హిర్సుటమ్ అనే అనుకున్నారు. డీఎన్ఏ పోల్చి చూశాక అది వేరే జాతి అని తేలి, 2017లో దానికి స్టీఫెన్‌సీ అని పేరు పెట్టారు. ఉప్పునీటిలో గింజలు నానబెట్టిన ఆ స్టీఫెన్స్ పేరే.

జన్యువులు పోట్లాడుకున్నప్పుడు

ఇంతవరకూ చెప్పింది వింటే డీఎన్ఏ చదివితే చాలు, చరిత్ర తనంతట తాను బయటపడుతుందనిపిస్తుంది. అలా అనుకోవడం పొరపాటు. పత్తి నేర్పే అసలు పాఠం ఇక్కడుంది.

1990ల్లో మొక్కల వంశవృక్షాలు గీసేవాళ్లకు బాగా ఇష్టమైన ముక్క ఐటీఎస్. రైబోజోమ్‌ను తయారుచేసే జన్యువుల మధ్య ఉండే చిన్న భాగమిది. కణంలో వేల ప్రతులుంటాయి కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది, త్వరగా మారుతుంది కాబట్టి దగ్గరి జాతుల మధ్య కూడా తేడాలు చూపిస్తుంది. 52 క్రోమోజోమ్‌ల పత్తిలో ఎ ఇంటి ఐటీఎస్, డి ఇంటి ఐటీఎస్ రెండూ ఉండాలి కదా. 1995లో వెండెల్ బృందం ఐదు జాతుల్లో చూస్తే ఒక్కో మొక్కలో దాదాపు ఒకే రకం మిగిలింది. వేల ప్రతులు ఒకదాన్ని చూసి ఒకటి తిరగరాసుకుంటూ, కాలక్రమంలో ఒకే రూపానికి వచ్చేశాయి. నాలుగు జాతుల్లో డి రూపం గెలిచింది. బ్రెజిల్ ఈశాన్యంలోని ముస్టెలినమ్‌లో ఎ రూపం గెలిచింది. ఐటీఎస్ ఒక్కటే చదివిన శాస్త్రజ్ఞుడు ఏం రాసి ఉండేవాడో ఊహించండి. ముస్టెలినమ్ ఆసియా పత్తికి తోబుట్టువనీ, మిగతా నాలుగూ పెరూ పత్తికి తోబుట్టువులనీ నిశ్చింతగా రాసేవాడు. కొమ్మల మీద అంకెలు కూడా 95 దాటి ఉండేవి. ఒక కొమ్మకు ఎంత మద్దతు ఉందో ఆ అంకె చెబుతుంది గానీ, ఆ జన్యువు జాతి చరిత్రను మోస్తోందో లేదో చెప్పదు.

మెక్సికోలోని వహాకా ప్రాంతంలో పెరిగే గాసిపియాయిడెస్ జాతి (పేరు కిర్కీ ప్రజాతిదే అయినా ఇది అసలు పత్తే) మరో కథ చెబుతుంది. ఆకారంలో, క్రోమోజోమ్‌ల్లో అది నికార్సైన డి-సమూహం మొక్క. ఐటీఎస్ మాత్రం అమెరికా బంధువులను వదిలి ఆఫ్రికా పత్తుల వైపు పోయి కూర్చుంటుంది. ఎప్పుడో ఒక కాలంలో ఎ-సమూహం రక్తం ఈ మొక్క పూర్వీకుల్లో కలిసి, తర్వాతి తరాల్లో మళ్లీ మళ్లీ డి మొక్కలతోనే సంకరమై మిగతా గుర్తులన్నీ చెరిగిపోయి ఉండాలన్నది ఇప్పటి వివరణ. మిగిలిన గుర్తు ఆ చిన్న ముక్క.

ఆస్ట్రేలియాలోని బికియై ఇంకా విచిత్రం. కేంద్రకంలోని జన్యువులు దాన్ని ఆస్ట్రేలె, నెల్సోనియై అనే రెండు జాతుల పక్కన పెడతాయి. క్లోరోప్లాస్టు మాత్రం స్టర్టియానమ్ దగ్గరికి లాక్కుపోతుంది. ఈ స్టర్టియానమ్ ఆస్ట్రేలియా నార్తర్న్ టెరిటరీకి అధికారిక పుష్పం. దాని పూర్వీకురాలు తల్లిగా, మరో వంశం తండ్రిగా కలిస్తే బికియై పుట్టింది. తర్వాత తండ్రి వంశంతోనే పదే పదే కలుస్తూ పోవడంతో తల్లి కేంద్రక డీఎన్ఏ జాడ లేకుండా పోయింది. క్లోరోప్లాస్టు ఒక్కటి మిగిలింది. క్లోరోప్లాస్టు ఒక్కటే చదివితే ఒక తప్పు, కేంద్రకం ఒక్కటే చదివితే మరో తప్పు. రెండూ చదివి, అవి ఎందుకు పొసగడం లేదని అడిగినప్పుడే నిజం బయటికొచ్చింది.

ఏ ముక్క చదవాలన్నది కూడా చిన్న ప్రశ్న కాదు. 52 క్రోమోజోమ్‌ల పత్తుల మధ్య వరసలు తేల్చడానికి 1998లో క్లోరోప్లాస్టు నుంచి 7,000కు పైగా అక్షరాలు చదివారు. అది నెమ్మదిగా మారే డీఎన్ఏ కావడంతో జాతుల మధ్య తేడాలు చాలనే లేదు. కేంద్రకంలోని ఆల్కహాల్ డీహైడ్రోజినేజ్ జన్యువుల్లో ఒకదాని నుంచి 1,600 అక్షరాలు చదివితే కొమ్మలు విడిపోయాయి. ఎక్కువ చదవడం కంటే సరైనది చదవడం ముఖ్యం.

2002లో 16 జన్యువులను కలిపి చూశారు. పెద్ద సమూహాల మధ్య కొమ్మలు చాలా పొట్టివని తేలింది. ఎ నుంచి కె దాకా ఉన్న వంశాలన్నీ కొద్ది కాలంలోనే, ఒకదాని వెంట ఒకటి చీలిపోయాయి. చీలికకూ చీలికకూ మధ్య మార్పులు పేరుకోవడానికి వ్యవధే లేదు. అందుకే ఒక్కో జన్యువు ఒక్కో వరస చెబుతుంది. ఇలాంటి చోట్ల చెట్టును బలవంతంగా రెండేసి కొమ్మలుగా చీల్చి గీయడం కంటే, ఇక్కడ వరస తెలియడం లేదని చూపించడమే నిజాయితీ అని నా అభిప్రాయం.

మొత్తం పుస్తకం చదివాక

2012లో రైమొండి జీనోమ్‌ను, అంటే దాని డీఎన్ఏ మొత్తాన్ని, చదివారు, సుమారు 88 కోట్ల అక్షరాలు. 2014లో ఆర్బోరియం, సుమారు 170 కోట్లు. 2015లో హిర్సుటమ్, 240 కోట్ల చిల్లర. రైమొండికి ఆర్బోరియం దాదాపు రెండింతలున్నా జన్యువుల సంఖ్య రెండింతలు లేదు. తమను తాము నకలు తీసుకుంటూ జీనోమ్‌లో అక్కడా ఇక్కడా చేరే ముక్కలు ఎ-సమూహంలో విపరీతంగా పెరిగాయి. స్కోవ్‌స్టెడ్ చూసిన పెద్ద, చిన్న క్రోమోజోమ్‌ల తేడాకు కారణం అదే.

ఇప్పుడు తల్లిదండ్రులను మరింత దగ్గరగా చూడగలిగారు. తండ్రి రైమొండికి దగ్గరి బంధువే గానీ ఇప్పటి రైమొండి కాదు. తల్లి విషయంలో ఆర్బోరియమా, హెర్బేషియమా అని చాలాకాలం వాదన నడిచింది. 2020లో హెర్బేషియం జీనోమ్ కూడా చదివిన బృందం, తల్లి ఈ రెండూ కాదని, ఈ రెండింటికీ పూర్వీకురాలైన, ఇప్పుడు లేని ఒక మొక్క అని తేల్చింది. మన రెండు దేశీ పత్తులు ఆ తర్వాతే విడిపోయాయి. అదీ మనిషి సాగు మొదలుపెట్టడానికి లక్షల ఏళ్ల ముందు. అంటే హెర్బేషియాన్ని మెరుగుపరచగా ఆర్బోరియం వచ్చిందన్న పాత నమ్మకం నిలవదు. రెండింటినీ రెండు చోట్ల, విడివిడిగా మచ్చిక చేసుకున్నారు.

ఒక సంగతి మాత్రం ఎవరూ ఊహించనిది. డి-సమూహం అడవి పత్తుల్లో వడకదగ్గ దూదే లేదు. అయినా 52 క్రోమోజోమ్‌ల పత్తిలో పింజను ప్రభావితం చేసే జన్యుస్థానాల్లో చాలా భాగం డి నుంచి వచ్చిన క్రోమోజోమ్‌ల మీదే ఉన్నాయని 1998లో తేలింది. దూది ఎరగని తండ్రి నుంచి వచ్చిన జన్యువులు, దూది ఉన్న తల్లి జన్యువుల పక్కన చేరాక కొత్త పని నేర్చాయి. హిర్సుటమ్ పింజ దేశీ పత్తుల పింజను మించిపోవడంలో ఈ కలయికది పెద్ద వాటా.

ఈ వంశవృక్షం ప్రయోగశాల గోడ మీద తగిలించుకునే బొమ్మ కాదు. మొక్కల ప్రజననం చేసేవాళ్లకు అదే దారి చూపే పటం. తూర్పు ఆఫ్రికాలోని లాంజికాలిక్స్ అనే అడవి పత్తికి వేళ్లను తినే ఒక రకం నులిపురుగు అసలు సోకదు. వంశవృక్షంలో అది ఎ-సమూహానికి అతి దగ్గరి బంధువు. కాబట్టి హెర్బేషియాన్ని మధ్యలో వంతెనగా వాడి దాని రోగనిరోధక శక్తిని హిర్సుటమ్‌లోకి తేగలిగారు. తొలి వంగడాలు నులిపురుగు ఎక్కువగా ఉన్న నేలల్లో గిడసబారాయి, పని ఇంకా సాగుతోంది. ఉత్తర భారతంలో, పాకిస్తాన్‌లో హిర్సుటాన్ని కుదేలు చేసిన ఆకుముడత వైరస్ మన ఆర్బోరియాన్ని ఏమీ చేయలేదు. హిర్సుటమ్‌లోని సగం జీనోమ్ ఆర్బోరియం చుట్టానిదే అని తెలిశాక, ఆ తట్టుకునే గుణాన్ని ఎక్కడ వెదకాలో కూడా తెలిసింది.

స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో పత్తి సాగులో అత్యధిక భాగం దేశీ రకాలదే. 1970లో హెచ్-4 సంకర పత్తి, 2002లో బీటీ పత్తి వచ్చాక అవి నామమాత్రమైపోయాయి. పొందూరు లాంటి కొన్ని చోట్ల, వాలుగ చేప దవడతో దూది ఏకే పనివాళ్ల పుణ్యమా అని నిలబడ్డాయి. ఒక వంగడం చేలోంచి పోతే దానితోపాటు లక్షల ఏళ్లుగా విడిగా నడిచిన ఒక వంశం పోగుచేసుకున్న మార్పులు పోతాయి. వాటిని జీనోమ్ ప్రతిగా కంప్యూటర్లో దాచుకోవచ్చు గానీ, అందులోంచి మొక్క మొలవదు.

దీపపు వత్తుల కోసం పెరట్లో ఏళ్ల తరబడి పెంచే చెట్టు పత్తి తెలుగు ఊళ్లలో ఇంకా అక్కడక్కడా ఉంది. అది ఏ జాతిదో, ఎక్కడి నుంచి వచ్చిందో చాలా చోట్ల ఎవరూ నమోదు చేయలేదు. మీ ఇంట్లో గానీ మీకు తెలిసిన ఇంట్లో గానీ అలాంటి మొక్క ఉంటే, లేదా పాత దేశీ పత్తి వేసే రైతు మీ ఎరుకలో ఉంటే, ఒక గుప్పెడు గింజలు కాగితం పొట్లంలో కట్టండి. ఊరి పేరు, ఆ పత్తిని అక్కడ ఏమని పిలుస్తారో, ఎన్నేళ్లుగా ఉందో దాని మీద రాయండి. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, నాగపూర్‌లో కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థ ఉంది. రెంటిలో ఏదో ఒకదానికి ఆ పొట్లం చేర్చండి. పెరట్లోని మొక్కను మాత్రం పీకేయకండి.